సముద్రం ఒడ్డున నా కళ్ళు పక్కవాళ్ళ మీదే ఉంటాయి

ఈ ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు బయటపెట్టవద్దని కోరారు. గుంటూరు దగ్గర ఒక పట్టణంలో ఉంటారు. వయసు 41. ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. అమ్మాయికి 12 ఏళ్ళు, అబ్బాయికి 9. అత్తగారు వీళ్ళతోనే ఉంటారు. ఏటా కార్తిక మాసంలో ఒక ఆదివారం మరిది కుటుంబం, ఆడపడుచు కుటుంబం కూడా కలిసి బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్తారు. సముద్రస్నానం చేసి, ఇసుకతో లింగాన్ని చేసి పూజించి, సరుగుడు చెట్ల నీడలో భోజనాలు ముగించుకుని పొద్దుగూకేవేళకు తిరిగి రావడం వాళ్ళ ఇంటి ఆనవాయితీ.

ఈసారి వెళ్ళిన రోజున తెల్లవారుజామున మూడున్నరకే లేచి పులిహోర, పెరుగన్నం, గారెలు సిద్ధం చేసుకుని బయలుదేరారు. పూజ అయ్యాక మగవాళ్ళు ఒకచోట చేరారు. తోటికోడలు, ఆడపడుచు గవ్వలు, శంఖాలు అమ్మే దుకాణాల వైపు వెళ్ళారు. పిల్లలు నీళ్ళలో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు మడతకుర్చీలో కూర్చుంటే, ఈమె పక్కనే చాప మీద కూర్చుని జనాన్ని చూస్తూ ఉండిపోయారు. “చిన్నప్పటి నుంచీ నాకు ఇదే అలవాటు. బస్టాండులోనైనా పెళ్ళిలోనైనా మనుషులను చూస్తుంటే నాకు వేళ తెలియదు” అని రాశారు. అల రాగానే భర్త చొక్కా పట్టుకుని అరిచిన కొత్త పెళ్ళికూతురు, పిడత కింద పప్పు అమ్ముతూ మధ్యలో కొడుకు చేత ఎక్కాలు చెప్పిస్తున్న మనిషి, ఇలా ఎందరినో ఆమె ఉత్తరంలో కళ్ళకు కట్టారు.

అందరికంటే ఎక్కువగా రాసింది ఒక వృద్ధ దంపతుల గురించి. ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయట. ఆయన ఒక చేత్తో భార్య చెప్పులు, మరో చేత్తో ఆమె మోచెయ్యి పట్టుకుని నీళ్ళలోకి నడిపించారు. మడమలు తడిసేంత వరకే వెళ్ళి నిలబడ్డారు. బయటికి వచ్చాక ఆమెను ఒక దిమ్మ మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్ళు పాదాల మీద పోసి, భుజం మీది కండువాతో కాలివేళ్ళ మధ్య ఇసుక తుడిచి చెప్పులు తొడిగారు. వెనక నుంచి వాళ్ళకు ఒక ఫోటో తీశానని, అది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదని రాశారు.

కాసేపటికి పక్క చాప వాళ్ళలో ఒకాయన లేచి నేరుగా ఈమె భర్త దగ్గరికి వెళ్ళి, “మీ ఇంట్లోవాళ్ళు చాలాసేపటి నుంచి మావాళ్ళనే చూస్తున్నారు, మేమెవరైనా తెలుసా అండి?” అని అడిగారు. అడిగింది మర్యాదగానే. భర్త ముఖం మాత్రం మాడిపోయింది. తిరుగు ప్రయాణంలో అమ్మాయి, అలకు తూలి పడిన ఒక స్థూలకాయురాలిని అనుకరించి అందరినీ నవ్వించింది. తప్పని ఈమె వారిస్తే, “నువ్వు చూడొచ్చు గాని నేను చూడకూడదా?” అని ఎదురు ప్రశ్న వేసింది. ఇంటికి వచ్చాక అత్తగారు “సొంతవాళ్ళ ముఖం చూడటానికి తీరిక ఉండదు గాని, ఊళ్ళోవాళ్ళ ముఖాలన్నీ కావాలి” అన్నారు. భర్త “నువ్వు మాతో వచ్చినట్టే ఉండదు, ఎప్పుడూ ఇంతే” అన్నారు. ఆ మాట అని వారం గడిచినా ఇద్దరి మధ్య అవసరానికి మించి మాటల్లేవు.

ఇది జబ్బా? మానుకోవాలా? ఫోటో చెరిపేయాలా? మాఘ పౌర్ణమికి మళ్ళీ వెళ్దామని మరిదిగారు అంటున్నారు, నేను రానని చెప్పేయనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

ఇక మీతో నేరుగా మాట్లాడతాను.

మనుషులను చూడటం జబ్బు కాదు. పుట్టిన బిడ్డ కళ్ళు కూడా మిగతా వస్తువులకంటే ముఖం లాంటి ఆకారం వైపే ముందు తిరుగుతాయి. మన ఊళ్ళలో వీధి అరుగులు ఉన్న రోజుల్లో సాయంత్రం పూట వచ్చేపోయేవాళ్ళను చూస్తూ కూర్చోవడం ఒక కాలక్షేపం. దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఇప్పుడు ఇళ్ళకు ప్రహరీలు, గేట్లు వచ్చాయి. తీరిగ్గా పదిమందిని చూడగల చోట్లు తగ్గిపోయాయి. సముద్రపు ఒడ్డు అలా మిగిలిన చోటు. అక్కడ మనుషులు వేరేగా ఉంటారు కూడా. ఆఫీసులో గుమాస్తాలను గడగడలాడించే అధికారి ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి కూతురితో కలిసి ఇసుక తవ్వుతుంటాడు. కార్తికంలో సూర్యలంకలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు, బాపట్ల కాలేజీల పిల్లలు, ఎక్కడెక్కడి నుంచో వ్యాన్లలో వచ్చిన కుటుంబాలు, ఒక పక్కన వల బాగుచేసుకుంటున్న మత్స్యకారులు, అందరూ ఒకే ఇసుక మీద ఉంటారు. మనసున్న మనిషికి చూడాలనిపించడంలో వింత లేదు. పైగా మీరు ఆ రోజు మూడున్నరకు లేచారు. ఆ చాప మీద కూర్చున్న గంటే మీకు దక్కిన విశ్రాంతి. మీ ఇంట్లో ఎవరికీ అది విశ్రాంతిగా కనిపించలేదు. ఆ సంగతి మీరే చెప్పాలి.

అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది. పైన దాన్ని సంగ్రహించకుండా ఇక్కడి కోసం ఉంచాను. “మధ్యలో మరిదిగారి చిన్నవాడు కాస్త లోపలికి వెళ్ళిపోయాడు, ఎవరో చూసి పట్టుకొచ్చారు, ఏమీ కాలేదు” అని రాసి వెంటనే వేరే సంగతిలోకి వెళ్ళారు. వాడికి ఆరేళ్ళని, “అక్కా, కాస్త పిల్లలను చూస్తుండండి” అని చెప్పి తోటికోడలు దుకాణాల వైపు వెళ్ళిందని అంతకుముందు పేజీలో మీరే రాశారు. వృద్ధ దంపతులకు పేజీన్నర, ఆ పిల్లవాడికి ఒక్క వాక్యం. మిమ్మల్ని నొప్పించాలని ఈ మాట అనడం లేదు. మీ ఉత్తరం మొత్తంలో నన్ను భయపెట్టింది ఇదొక్కటే. మిగతావి మాటలతో సర్దుకుంటాయి.

మునిగిపోయేవాళ్ళు చేతులు ఊపి కేకలు పెడతారని మనం అనుకుంటాం. 1970 ప్రాంతంలో న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్, నీళ్ళలో ప్రమాదంలో పడినవాళ్ళను కెమెరాతో చిత్రీకరించి, వాళ్ళు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో గమనించాడు. మునుగుతున్న మనిషి కేక వేయలేడు, ఎందుకంటే నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి పీల్చుకోవడానికే చాలదు. చేతులు పైకెత్తలేడు, అవి రెండు పక్కలా నీటిని అదుముతూ ఉంటాయి. మనిషి నిటారుగా, దాదాపు కదలకుండా ఉంటాడు. ఇలా 20 నుంచి 60 సెకన్లు గడిచేసరికి మునిగిపోతాడు. పక్కనున్నవాళ్ళకు ఆడుకుంటున్నట్టే ఉంటుంది. అంటే మీరు చాప మీద కూర్చుని, వాడు అరిస్తే వినబడుతుందిలే అనుకుంటే, వాడు అరవడు.

కార్తికం మన తీరానికి వాయుగుండాల కాలం కూడా. పైన ఎండ కాస్తున్నా సముద్రం లోపల పోటు మీద ఉండవచ్చు. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరు ఒక్కోచోట ఇరుకైన పాయగా చేరి వేగంగా లోపలికి పోతుంది. అక్కడ అలలు అంతగా విరగవు కాబట్టి పైకి నీరు నిమ్మళంగా కనబడుతుంది. పిల్లలతో వచ్చినవాళ్ళు ఇదేదో బాగుందని అక్కడే దిగుతారు. అందులో చిక్కుకున్నవాళ్ళు ఒడ్డు వైపు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ పాయను తప్పించుకోవాలి. ఆరేళ్ళ పిల్లవాడికి అది సాధ్యమా? అందుకే ఆ వయసు పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చేతికి అందే దూరంలో నిలబడి ఉండాలి. కూర్చుని చూడటం పనికిరాదు. రద్దీ రోజుల్లో పోలీసులు, గజ ఈతగాళ్ళు ఉంటారు. వాళ్ళ సూచనలు పాటించాల్సిందే, కానీ అన్ని వేలమందిలో మీ పిల్లవాడొక్కడినే వాళ్ళు చూడలేరు.

మీ ఒక్కరి మీదే ఈ భారం వేయడం కూడా అన్యాయమే. ఆ రోజు అక్కడ ఆరుగురు పెద్దవాళ్ళు నడవగలిగి, చూడగలిగి ఉన్నారు. పదిమందితో వెళ్ళినప్పుడు ప్రతివాళ్ళూ ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. ఈసారి పేరు పెట్టి వంతులు వేసుకోండి. పావుగంట మీ వారు, పావుగంట మరిది, తరవాత మీరు, ఆ తరవాత ఆడపడుచు భర్త. వంతులో ఉన్నవాళ్ళ చేతిలో ఫోను ఉండకూడదు. వంతు ఇంకొకరికి అప్పగించేటప్పుడు “ఇక నువ్వు చూడు” అని నోటితో చెప్పి, అవతలివాళ్ళు “సరే” అన్నాకే కదలాలి. మీ వంతు కానప్పుడు మీ కళ్ళు ఎక్కడున్నా మీ ఇంట్లోవాళ్ళు అడగడానికి ఏమీ ఉండదు. నిజం చెప్పాలంటే మీకు మనుషులను చూసే ఓపిక ఉంది, చిన్న కదలికను కూడా పట్టే కన్ను ఉంది. పియా ఒడ్డున నిలబడి వాడిన కన్ను అదే. మీ వంతు వచ్చినప్పుడు అది ఎవరికీ లేనంతగా పిల్లలకు అక్కరకు వస్తుంది.

ఇక పక్క చాప ఆయన. ఆయన మీద కోపం పెట్టుకోకండి. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త, బహిరంగ ప్రదేశాల్లో అపరిచితులు ఎలా మసలుకుంటారో 1963లో వివరించాడు. ఎదుటి మనిషి ఉన్నాడని గుర్తించినట్టు ఒక్కసారి చూస్తాం, వెంటనే చూపు తప్పిస్తాం. నువ్వంటే నాకు భయం లేదు, నీతో నాకు పని లేదు అని రెండూ ఆ ఒక్క చూపులోనే చెబుతాం. మనవాళ్ళకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు, చూసీచూడనట్టు ఊరుకోవడం మర్యాద అంటాం. చూపు రెండోసారి, మూడోసారి అక్కడే ఆగినప్పుడు అవతలివాళ్ళకు అనుమానం మొదలవుతుంది. ఈమె మమ్మల్ని గుర్తుపట్టిందా? మాలో ఏదైనా వంక కనిపెట్టిందా? అందులోనూ అది స్నానాల రేవు. తడిచీరల్లో ఉన్న ఆడవాళ్ళు, ఒకావిడ చీర అడ్డం పట్టుకుంటే దాని వెనక బట్టలు మార్చుకునేవాళ్ళు ఉంటారు. అలాంటి చోట మగవాళ్ళ చూపులతో విసిగిపోయిన ఏ కుటుంబమైనా, చూసేది ఆడమనిషైనా సరే, ఉలిక్కిపడుతుంది. ఆయన తన వాళ్ళను కాచుకున్నాడు.

అలాగని తల దించుకుని కూర్చోమని కాదు. దూరంగా ఉన్నవాళ్ళను చూడండి. నడిచేవాళ్ళను, ఆడేవాళ్ళను, అమ్మేవాళ్ళను చూడండి. పది అడుగుల దూరంలో కూర్చుని తింటున్నవాళ్ళ మీద చూపు నిలపకండి. బట్టలు మార్చుకునే వైపు అసలు తల తిప్పకండి. ఎవరైనా మీ చూపును పట్టుకుంటే గబుక్కున ముఖం తిప్పేయకుండా నవ్వి, “మీ పాప ఇసుకతో భలే కడుతోందండీ” అని ఒక మాట అనండి. మాట కలిస్తే అనుమానం పోతుంది. మాట్లాడటం ఇష్టం లేదని వాళ్ళ ముఖంలో కనబడితే అక్కడితో వదిలేయండి.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలేయవద్దు. అది న్యాయమైన ప్రశ్న. “చూడొచ్చు, నేనూ చూశాను. పడిపోయిన మనిషిని చూసి నువ్వు నవ్వించావు. ఆవిడ లేచాక ఏం చేసిందో చూశావా?” అని అడగండి. అది చూసి ఉండదు. మళ్ళీ వెళ్ళినప్పుడు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, చూసినదాన్ని మంచిగా చెప్పడం నేర్పండి. 12 ఏళ్ళ పిల్ల తన ఒంటి గురించి కూడా ఇతరులు ఏమనుకుంటారోనని బెంగపడే వయసులోకి అడుగుపెడుతోంది. ఇతరుల శరీరాన్ని ఇవాళ వేళాకోళం చేస్తే, రేపు అద్దంలో తనను తానూ అదే కంటితో చూసుకుంటుంది. కారులో అందరూ నవ్వారని రాశారు. ఆ నవ్విన పెద్దవాళ్ళలో మీ వారు కూడా ఉంటే, ఈ సంగతి ఆయనతో ఏకాంతంలో చెప్పండి, అమ్మాయి ముందు వద్దు.

అత్తగారి మాట ఘాటుగానే ఉంది. కానీ ఆ రోజు మీ పక్కన కుర్చీలో ఎవరున్నారో మళ్ళీ గుర్తుచేసుకోండి. కొడుకులు ఒకచోట, కూతురు, చిన్నకోడలు ఇంకోచోట, మనవలు నీళ్ళలో. మోకాళ్ళు కదలని ఆవిడ దగ్గర మిగిలింది మీరొక్కరే, మీరేమో ఎటో చూస్తున్నారు. “సొంతవాళ్ళ ముఖం” అని ఆవిడ అన్నది తన ముఖం గురించేనని నాకు అనిపిస్తోంది. ఒకసారి మీరు చూసేదాన్ని ఆవిడకు కూడా చూపించి చూడండి. చీర కట్టు చూసి ఏ వైపు వాళ్ళో చెప్పగలిగే తరం అది. మీకు తెలియనివి ఎన్నో ఆవిడ పట్టేస్తారు. ఇందులో ఒక చిక్కు ఉంది, ఇద్దరు కలిసి చూస్తే అది త్వరగా వంకలు ఎన్నడంగా మారిపోతుంది. ఆ కోడలు చూడు, ఆ పిల్ల బట్టలు చూడు అని మొదలైతే మీ పక్కనున్న అమ్మాయి అదీ నేర్చుకుంటుంది. అలా మొదలైనప్పుడు మాట మళ్ళించే నేర్పు మీకు ఉండాలి. ఆవిడకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు, పక్కన కూర్చుని మోకాళ్ళకు నూనె రాస్తూ కాసేపు ఆవిడ చెప్పేది వినండి, అదే చాలు.

ఇప్పుడు మీ వారి దగ్గరికి వద్దాం. ఆ వృద్ధ దంపతుల గురించి మీరు రాసిన పేజీన్నర నేను మళ్ళీ మళ్ళీ చదివాను. కాలివేళ్ళ మధ్య ఇసుకను కండువాతో తుడవడం దాకా రాశారు. అదే ఉత్తరంలో మీ వారి గురించి ఆ రోజు రాసినదల్లా, తమ్ముడితో యూరియా సరఫరా సంగతులు మాట్లాడుతూ ఉండిపోయారని, మీ దగ్గరికి వచ్చింది నీళ్ళ సీసా కోసమేనని. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీరు చూసుకున్నారో లేదో. పెళ్ళికూతురినీ, పప్పు అమ్మే మనిషినీ మీరు సరదాగా చూశారు. ఆ ముసలాయనను మాత్రం అలా చూడలేదు. ఆయన చేసినది మీకు కావాలి. ఎవరైనా మీ మోచెయ్యి పట్టుకుని నీళ్ళ దాకా తీసుకెళ్ళాలి. అలా కోరుకోవడంలో సిగ్గుపడవలసింది ఏదీ లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. మీరు చూసింది ఆ దంపతుల జీవితంలో పదిహేను ఇరవై నిమిషాలు. నలభై యాభై ఏళ్ళ కాపురంలో ఆయన ఎలాంటి భర్తో మీకు తెలియదు. ఆమె ఈమధ్యే ఆసుపత్రి నుంచి వచ్చి ఉండవచ్చు. ఒకప్పుడు దుకాణం గొడవల్లో పడి ఆమె వైపు కన్నెత్తి చూడని మనిషే అయి ఉండవచ్చు, ఇప్పుడు మారి ఉండవచ్చు. పరాయివాళ్ళ మంచి నిమిషాలను తీసుకుని మన ఇంటి మామూలు రోజుతో తూచితే మన ఇల్లు ఎప్పుడూ తేలిపోతుంది. మీ వారి వైపు నుంచి కూడా చూడండి. “నువ్వు మాతో వచ్చినట్టే ఉండదు” అన్న మాటలో కోపం కంటే వెలితి ఎక్కువగా ఉంది. “ఎప్పుడూ ఇంతే” అన్నారంటే ఆ వెలితి ఆయనలో చాలాకాలంగా ఉంది. ఒక అపరిచితుడు వచ్చి అడిగేసరికి అది బయటపడింది. మీరిద్దరూ అవతలి మనిషి తన వైపు చూడటం లేదనే బాధపడుతున్నారు. ఎవరు ముందు చెప్పాలన్నదే ఇక్కడ మిగిలింది.

చెప్పడానికి దారులు ఒకటి రెండు ఉన్నాయి. ఫోటో చూపించి, “ఆ రోజు నేను చూస్తూ కూర్చున్నది వీళ్ళను. నన్ను కూడా అలా తీసుకెళితే బాగుండుననిపించింది” అని చెప్పేయవచ్చు. నాకైతే ఇదే మంచిదనిపిస్తుంది. కానీ పౌరుషం గల మనిషైతే అది పోల్చి దెప్పినట్టు వినబడి, “అయితే ఆయన్నే చూసుకో” అనే ప్రమాదం ఉంది. మీ వారి స్వభావం మీకు తెలుసు. అలా అనిపిస్తే ఫోటో ఊసు ఎత్తకుండా ముందు ఆయన మాటకే జవాబివ్వండి. “ఆ పెద్దమనిషి వచ్చి అడిగినప్పుడు నీకు చిన్నతనమైంది, నాకు తెలుసు. నేను అలా నిలిపి చూడకుండా ఉండాల్సింది” అని. ఆ ఒక్క మాటకు సగం మంచు కరుగుతుంది. తరవాత కొన్నాళ్ళకు మీ కోరిక చెప్పండి. ఇది నిదానమైన దారి. ఇందులో చిక్కల్లా, మొదటి సగం చెప్పి రెండో సగం ఎప్పటికీ చెప్పకుండా ఉండిపోవడం. మన ఇళ్ళలో ఆడవాళ్ళు క్షమాపణ దగ్గరే ఆగిపోవడం చాలా చూశాను. మీరు అక్కడ ఆగవద్దు.

ఏమీ చెప్పకుండా జనాన్ని చూడటం మానేసి, పిల్లల వెనక, వంటల వెనక తిరుగుతూ ఉండిపోవడం కూడా ఒక దారే. ఇంట్లో అందరూ మెచ్చుకుంటారు. వారంలో మాటలు మళ్ళీ మొదలవుతాయి. మీకున్న ఒక్క సంతోషం పోతుంది, కోరిక మాత్రం అలాగే ఉంటుంది, ఇంకేదో రూపంలో బయటికి వస్తుంది. నేనైతే ఆ దారి పట్టమని చెప్పను.

ఫోటో సంగతి. వెనక నుంచి తీశారు, ముఖాలు కనబడవు, దుర్బుద్ధి లేదు. అయినా వాళ్ళను అడగకుండా తీసినది. మీ వారికి చూపించడం వేరు, కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరు. ఒకసారి పెడితే అది ఎవరి ఫోను దాకా పోతుందో మీ చేతుల్లో ఉండదు. ఎవరో ఒకరు దానికి ఓ వ్యాఖ్య తగిలించి పంచుతారు, వాళ్ళ పిల్లలో మనవలో చూస్తారు. మీ వారికి చూపించాలనుకుంటే ఆ పని అయ్యాక చెరిపేయండి, చూపించే ఉద్దేశం లేకపోతే ఇప్పుడే చెరిపేయండి. మీరు రాసిన పేజీన్నర ఆ ఫోటోకంటే వివరంగా ఉంది. మీకు రాత అబ్బింది. చిన్న నోటు పుస్తకం ఒకటి పెట్టుకుని, పేర్లూ ఆనవాళ్ళూ లేకుండా చూసినవి రాసుకోండి. పుస్తకంలో రాస్తున్నంతసేపు కళ్ళు కాగితం మీద ఉంటాయి కాబట్టి పక్కవాళ్ళకూ ఇబ్బంది ఉండదు.

మాఘ పౌర్ణమికి వెళ్ళకుండా ఉండే హక్కు మీకుంది. బడి ఉంది, సెలవు దొరకలేదు అంటే ఎవరూ ఏమీ అనరు. కానీ మీరు వెళ్ళకపోతే ఆ రోజు పడిన మాటే ఆఖరి మాటగా మిగిలిపోతుంది. వచ్చే ఏడాది వెళ్ళడం ఇంకా కష్టమవుతుంది. వెళ్ళదలిస్తే ముందుగానే రెండు సంగతులు ఒప్పించుకుని వెళ్ళండి. పిల్లల దగ్గర వంతులు ఒకటి. వంటలో సగం తోటికోడలు, ఆడపడుచు పంచుకోవడం రెండోది. లేదా భోజనాలు బాపట్లలో హోటల్లో చేద్దామనండి. కార్తిక వనభోజనాలు కావు గనక అత్తగారు కూడా పట్టుబట్టకపోవచ్చు. ఇంకో మాట కూడా ఆలోచించండి. పదిమందితో వెళ్ళే ఆ రోజు కాకుండా, మీరూ మీ వారూ ఇద్దరే ఒక మామూలు పనిరోజున పొద్దున్నే వెళ్ళి రావచ్చు. జనం ఉండరు కాబట్టి చూడటానికీ ఎవరూ ఉండరు. మీకు అది కాస్త వెలితిగా ఉన్నా, ఆయనకు నచ్చవచ్చు.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. మరిదిగారి అబ్బాయి ఎంత లోపలికి వెళ్ళాడో, ఎవరు పట్టుకొచ్చారో మీ తోటికోడలికి ఇంకా తెలియదని మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది. ఆమెకు చెప్పండి. ఫోనులో కాదు, వెళ్ళి చెప్పండి. ఆమెకు కోపం రావచ్చు, కొన్నాళ్ళు పిల్లవాడిని మీ దగ్గర వదలడానికి జంకవచ్చు. ఆ జంకు తల్లిగా ఆమెకు తగినదే, మీరు నొచ్చుకోకూడదు. చెప్పకపోతే మాఘ పౌర్ణమి నాడు ఆమె మళ్ళీ “అక్కా, కాస్త చూస్తుండండి” అని నిశ్చింతగా దుకాణాల వైపు వెళ్ళిపోతుంది. చెప్పారంటే, వంతుల మాట ఎత్తినప్పుడు అందరికంటే ముందు “సరే” అనేది ఆమే.